ఎడమ సీటు

“చించిందెవరో నేను అడగను. అతికించేదెవరో చెప్పండి, చాలు.”

అత్తయ్య ఆ మాట ఎవరి మొహమూ చూడకుండా గోడ వైపు తిరిగి అంది.

గోడ ముందు ఆవిడ పార్లర్ కుర్చీ ఉంది. కాలితో తొక్కితే పైకి లేచే రకం. ఏళ్ళ తరబడి నడుపుకున్న బ్యూటీ పార్లర్‌ని కూతురి శిక్షణ కోసం అమ్మేసి, ఆవిడ వెంట తెచ్చుకున్న సామాను ఆ కుర్చీ ఒక్కటే.

కుర్చీకి ఎదురుగా నిన్న రాత్రి దాకా కాగితం కాక్‌పిట్ ఉండేది. జెట్ విమానం ముందు భాగంలో పైలట్ల ఎదుట ఉండే మీటలు, బొత్తాలు, తెరలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు, అసలు కొలతల్లో అచ్చువేసిన పటం. విమానం నేర్చుకునేవాళ్ళు దాని ముందు కూర్చుని చేతులు ఆడించి అలవాటు చేసుకుంటారు. ఇప్పుడా పటంలో ఎడమ సగమే గోడ మీద ఉంది. కుడి సగం ముక్కలై నేల మీద పడి ఉంది.

కుడివైపు సీటు కో-పైలట్‌ది. అంటే అత్తయ్య కూతురు అమ్మడుది.

“గాలికి చిరిగిందేమో వదినా,” అంది కెప్టెన్ తల్లి, అప్పుడే ప్రార్థన ముగించుకుని వస్తూ. కొడుకు మొహం చూడగానే ఆవిడకు సంగతి అర్థమైపోయింది. అయినా కన్నకడుపు కదా.

“ఆహా, ఎంత తెలివైన గాలి వదినా! కుడివైపే చూసుకుని మరీ వీచింది.”

కెప్టెన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. వీధిలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. లైసెన్సు చేతికొచ్చిన రోజు ఇస్త్రీ దుకాణం ఆయన సరదాగా మొదలుపెట్టిన పిలుపు అది. పిలుపు నిలిచిపోయింది గానీ, ఏ కంపెనీ విమానమూ ఇంతవరకూ అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకోలేదు.

పడగ్గది తలుపు తెరుచుకుంది. అమ్మడు బయటికొచ్చింది. తెల్ల చొక్కా, భుజాల మీద చారలు, బిగించి ముడివేసిన జుట్టు. ఫ్లయింగ్ స్కూల్లో అతని పక్కన కూర్చుని నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు అతని భార్య. ఆమెకు ఇవాళ పరీక్ష.

ఆమె నేల వైపు చూసింది. భర్త వైపు చూడలేదు. చొక్కా నలగకుండా మెల్లగా కూర్చుని ఒక్కొక్క ముక్కా ఏరుకోవడం మొదలుపెట్టింది.

అరిచి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

“పరీక్ష రోజున ఈ పనేంటి బాబూ?” అంది అత్తయ్య. “కోపముంటే నా మీద చూపించండి. పార్లర్ అమ్మింది నేను.”

“అమ్మినందుకు కాదు అత్తయ్యా. నాకు చెప్పకుండా అమ్మినందుకు.”

“చెబితే ఒప్పుకునేవారా?”

“ఒప్పుకునేవాణ్ణి కాదు.”

“అందుకే చెప్పలేదు.”

అతని తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో, దిగులో తెలియలేదు.

కెప్టెన్ బాధ ఆ ఇంట్లో అందరికీ కంఠస్థమే. పైలట్ లైసెన్సు ఇచ్చేది చిన్న విమానాల మీద. జెట్ నడపాలంటే ఆ రకం జెట్‌కి వేరే శిక్షణ, వేరే పరీక్ష ఉంటాయి. దాన్నే టైప్ రేటింగ్ అంటారు. ఒకప్పుడు ఉద్యోగమిచ్చిన కంపెనీయే అది నేర్పించుకునేదని వాళ్ళ గురువు చెప్పేవాడు. ఇప్పుడేమో, ముందు సొంత డబ్బుతో నేర్చుకుని రా, తర్వాత చూద్దాం అంటున్నారు.

చదువు ముగిసిన రోజు హాస్టల్ మేడ మీద అతనే లేచి నిలబడి చెప్పాడు. మనలో ఎవరూ చేతి డబ్బు పెట్టొద్దు. ఎవరూ పెట్టకపోతే కంపెనీలే దిగొస్తాయి. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి.

అందరికంటే ముందు లేచిన చెయ్యి అమ్మడుది. ఆ చెయ్యి చూసే అతను ఆమెను ఇష్టపడ్డాడు.

తర్వాత ఒక్కొక్కరే చెయ్యి దించుకున్నారు. ఒకడికి మామగారు కట్టాడు, ఒకతెకు పొలం కట్టింది. వాళ్ళ ఫొటోలు ఫోన్లో వచ్చినప్పుడల్లా అతనికి కళ్ళు కుట్టేవి. అయినా ఇంట్లో తనతో పాటు చెయ్యెత్తి ఉంచిన మనిషి ఒకరున్నారని ధైర్యంగా ఉండేది. ఇప్పుడు ఆ చెయ్యే నేల మీద కాగితం ముక్కలు ఏరుకుంటోంది.

“ఒక్క మాట చెప్పండి అత్తయ్యా. మీ పార్లర్లో పిల్లలకి పని నేర్పించారు కదా. వాళ్ళ దగ్గర డబ్బు తీసుకున్నారా?”

“ఎందుకు తీసుకుంటాను? కత్తెర కూడా నేనే కొనిచ్చాను.”

“చూశారా! మీకున్న న్యాయం అంతంత కంపెనీలకి లేదు.”

“న్యాయమే. పని పట్టుబడ్డాక ఒకత్తి ఎదురు వీధిలో కుర్చీ వేసుకుంది. నా దగ్గరికొచ్చేవాళ్ళనే పేరుపేరునా పిలుచుకుంది. అప్పుడు నాకూ ఒళ్ళు మండింది. ఇక మీదట వచ్చేదాని దగ్గర ముందే కట్టించుకుంటే పోలా అనుకున్నాను.”

“కట్టించుకున్నారా మరి?”

“లేదు.” ఆవిడ కుర్చీ మీది దుమ్ము చేత్తో తుడిచింది. “అలా చేస్తే కట్టగలిగింది వస్తుంది. చెయ్యి తిరిగేది రాదు.”

కెప్టెన్ గెలిచినట్టు తలెత్తాడు. “అంత తెలిసి కూడా మీరు...”

“తెలిసే కట్టాను బాబూ. అన్యాయం పోయేదాకా ఆగితే ఈలోగా నా కూతురికి కళ్ళజోడు వస్తుంది.”

“ఎవరి వేళ వచ్చినప్పుడు వాళ్ళకి దేవుడిస్తాడు,” అంది తల్లి మధ్యలో పడి. “వాడి వేళా వస్తుంది. ఊరుకోండి ఇద్దరూ.”

“ఆయన వేళకి నేను అడ్డం పడలేదు అత్తయ్యా,” అంది అమ్మడు.

ఆ పొద్దున ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. చేతిలోని ముక్కలు ఒద్దికగా పేర్చుకుని లేచి నిలబడింది. ఇప్పుడు చూసింది భర్త వైపు.

“నీది సిద్ధాంతమే అయితే పటం మొత్తం చింపేవాడివి. నా సగమే ఎందుకు చింపావు?”

 వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. అయినా ఎవరూ కదల్లేదు.

ఎందుకు చింపాడో అతనికి తెలుసు. చెప్పుకునే సంగతి కాదు.

నిన్న సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి ఆమె ఆ కుర్చీలో కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి, శిక్షణలో తన జతగాడితో పాఠం వల్లెవేస్తోంది. రింగుల జుట్టుతో, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు వాడు. కెప్టెన్ మనసులో వాడికి గిరజాలవాడని పేరు. వాళ్ళ నాన్న అడగకుండానే డబ్బు కట్టేసే రకం.

“పాజిటివ్ క్లైంబ్,” అన్నాడు ఫోన్లో గిరజాలవాడు.

“గేర్ అప్,” అంది అమ్మడు, నవ్వుతూ.

విమానం నేల వదిలాక పైలట్లిద్దరూ అనుకోవలసిన మాటలే అవి, పైకి లేస్తున్నామని ఒకరు, చక్రాలు లోపలికి లాగమని ఒకరు. అందులో ఏముంది? ఏమీ లేదు. కానీ పెళ్ళయిన కొత్తలో ఆ పటం కొని తెచ్చి గోడకు అతికించింది అతను. రెండు స్టూళ్ళు వేసుకుని, అతను ఎడమ, ఆమె కుడి, గంటల తరబడి ఆ మాటలే అనుకునేవాళ్ళు. ఆమె “గేర్ అప్” అన్నప్పుడు అతను కాగితం మీది మీట పైకెత్తినట్టు చెయ్యి ఎత్తి, ఆ చెయ్యి అలాగే ఆమె భుజం మీద వేసేవాడు. మిగతా కొత్త జంటలు ఏం మాట్లాడుకుంటారో గానీ, వీళ్ళిద్దరికీ ముచ్చట్లంటే అవే.

ఆ మాటలు ఇప్పుడు ఇంకొకడి గొంతులోంచి తన ఇంట్లో వినపడ్డాయి. రాత్రి అందరూ పడుకున్నాక అతని చెయ్యి గోడ మీదికి పోయింది.

భార్యను చూసి అసూయపడ్డాడా, గిరజాలవాణ్ణి చూసి అసూయపడ్డాడా? దేవుడు అడిగితే అతను ఏం చెప్పేవాడో మరి. రెండు మంటలూ ఒకే పొయ్యిలో ఉంటే ఏ సెగ దేనిదో ఎవరు చెప్పగలరు?

అతని జేబులో ఫోన్ మోగింది.

సిమ్యులేటర్ సెంటర్ నుంచి. అక్కడే అతని పని. విమానంలాగే కదిలే ఆ పెద్ద పెట్టెలో శిక్షణ ఇద్దరికి జతగా జరుగుతుంది. ఎవరైనా రాకపోతే రెండో సీట్లో కూర్చోవడానికి తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి కెప్టెన్. ఎందరితోనో కూర్చున్నాడు. ఎందరో పాసై వెళ్ళిపోయారు. డబ్బు కట్టి చేరినవాడు కాదు కాబట్టి అతను కూర్చున్నది ఏదీ లెక్కలోకి రాదు.

“రాగలవా?” అంది ఫోన్లో అమ్మాయి. “ఇవాళ పరీక్షకి ఒకబ్బాయి రావట్లేదు. చెవిపోటట. ఎడమ సీట్లో నువ్వు కూర్చోవాలి.”

“కుడి సీట్లో ఎవరు?”

“మీ ఆవిడే కదా! తెలియదా నీకు?”

అమ్మడుకూ ఆ మాట వినపడింది. చేతిలోని ముక్కలు పార్లర్ కుర్చీలో పెట్టింది.

“వస్తావా?” అంది. బతిమాలినట్టు లేదు, ఆజ్ఞాపించినట్టూ లేదు. చిరునామా అడిగినట్టు అడిగింది.

“పనే కదా,” అన్నాడు అతను.

బస్సులో ఇద్దరి మధ్యా ఆమె సంచి ఉంది. ఆమె కళ్ళు మూసుకుని ఒళ్ళో వేళ్ళు కదుపుతోంది. ఇంజిన్ ఆగిపోతే ఏ మీట ముందు, ఏది తర్వాత అన్నది వేళ్ళతో వల్లెవేస్తోంది. అతను ఓరకంట చూస్తూనే ఉన్నాడు. ఒక్కచోటైనా తప్పుతుందేమోనని చూశాడు. ఎక్కడా తప్పలేదు. సంతోషం కలగవలసిన చోట అతను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఆ వేళ్ళకు ఆ వరస నేర్పింది అతనే.

సిమ్యులేటర్ ఒక పెద్ద హాలు మధ్యలో పొడవాటి ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. చిన్న వంతెన మీదుగా లోపలికి వెళ్ళాలి. అందరూ ఎక్కాక వంతెన పైకి మడుచుకుంటుంది. ఇక అది గది కాదు, విమానమే. ఊగుతుంది, వణుకుతుంది, కిటికీల్లో మేఘాలు కదులుతాయి.

పరీక్ష పెట్టే పెద్దాయన వెనక సీట్లో కూర్చున్నాడు. నెరిసిన మీసం, ఎప్పుడూ చప్పరించే పుదీనా బిళ్ళ. చెడ్డ మనిషి కాడు, మంచివాడని పేరూ లేదు. కచ్చితమైనవాడు.

“భార్యాభర్తలని విన్నాను. ఈ వంతెన లేచాక నాకు ఇద్దరు పైలట్లే. ఎడమాయనా, నువ్వు సాయం సీటు. నీ పని నువ్వు చెయ్యి, ఆవిడ పని చెయ్యకు. అర్థమైందా?”

“అర్థమైంది సార్.”

కెప్టెన్ ఎడమ సీట్లో కూర్చున్నాడు. నిజం విమానంలో కెప్టెన్ కూర్చునేది అక్కడే. పక్కన అమ్మడు బెల్టు బిగించుకుంది. ఇంతకాలం స్టూళ్ళ మీద కూర్చుని కలలు కన్నది ఇదే వరస, అతను ఎడమ, ఆమె కుడి. కల అచ్చంగా నెరవేరింది, ఒక్కటే తేడా. ఈ పెట్టెలోంచి దిగాక ఆమె విమానం దగ్గరికి వెళ్తుంది, అతను బస్టాపుకి వెళ్తాడు.

మొదట అన్నీ బాగా జరిగాయి. విమానం నేల వదిలింది.

“పాజిటివ్ క్లైంబ్,” అన్నాడు అతను.

“గేర్ అప్.”

నవ్వు లేదు ఆ గొంతులో. నిన్న వాడితో అన్నప్పుడున్న నవ్వు.

పెద్దాయన ఒక ఇంజిన్ ఆపేశాడు. విమానం ఒక పక్కకు ఒరిగింది. ఆమె కాలితో తొక్కి నిలబెట్టింది. అడగవలసినవి అడిగింది, అతను చెయ్యవలసినవి చేశాడు. ఒంటి ఇంజిన్‌తో తిరిగి రన్‌వే వైపు దిగడం మొదలుపెట్టారు.

పెద్దాయన వెనక నుంచి కంట్రోల్ టవర్ మనిషిలా మాట్లాడుతున్నాడు. గాలి మారిందంటున్నాడు, దిక్కు చెబుతున్నాడు. అమ్మడు జవాబిస్తూ, రన్‌వే వెతుకుతూ, కాలితో విమానాన్ని పట్టి ఉంచుతోంది.

అప్పుడు వేగం తగ్గడం మొదలైంది.

తెర మీద వేగం చూపే పట్టీ మెల్లగా జారుతోంది. గుర్తు దాటి కిందికి పోతోంది. నడిపేవాళ్ళు చూసుకోకపోతే పక్కనున్నవాళ్ళు “స్పీడ్” అని పిలవాలి. సాయం సీటులో ఉన్నవాడి మొదటి ధర్మం అదే. ఒకే ఒక్క మాట.

కెప్టెన్ చూశాడు. స్పష్టంగా చూశాడు.

మాట నాలుక మీదికి వచ్చింది.

ఆగింది.

‘గిరజాలవాడైతే ఈపాటికి పిలిచి ఉండేవాడు’ అనిపించింది. ‘నా చేత నేర్చుకుని, నా గోడ ముందు కూర్చుని వాడితో వల్లెవేసింది కదా. ఇప్పుడు నేనే పిలవాలా?’ అనిపించింది. మనసు ఇన్ని మాటలు మాట్లాడుకునేంత సేపు అసలు పట్టనే లేదు. అసూయకు రెప్పపాటు చాలు, ఒక కాపురమంత మాట్లాడేస్తుంది.

అమ్మడే చూసుకుంది. ఇంజిన్ మీట ముందుకు తోసింది. ఇంజిన్ మోత పెరిగింది. కానీ అప్పటికే వేగం ఉండవలసిన హద్దు దాటి కిందికి పోయింది.

మోత ఆగిపోయింది. కిటికీలో రన్‌వే, పొలాలు, మబ్బు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. పెద్దాయన అంతా ఆపేశాడు.

“దిగండి. కింద గదిలో మాట్లాడదాం,” అన్నాడు.

గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, బల్ల మీద చిన్న విమానం బొమ్మ ఉన్నాయి. పెద్దాయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

“వేగం పడిపోయింది. నేను టవర్ మాటలు చెబుతున్నాను, మీ మాటలు నాకు సరిగ్గా వినపడలేదు. అందుకని అడుగుతున్నాను. సాయం సీటు పిలవకపోతే అది అతని లోపం. ఆ దిగడం కొట్టేస్తాను, కొత్తగా మళ్ళీ చేస్తారు, ఈవిడకు మచ్చ ఉండదు. పిలిచినా ఈవిడ పట్టించుకోకపోతే లోపం ఈవిడది. ఇంకొక్క అవకాశమే ఉంటుంది. అదీ పోతే పరీక్ష పోయినట్టే.” కెప్టెన్ వైపు తిరిగాడు. “పిలిచావా?”

కెప్టెన్ నోరు తెరిచాడు.

“పిలిచాడు సార్,” అంది అమ్మడు. “టవర్ మాటల్లో పడి నేనే వినిపించుకోలేదు.”

పెద్దాయన చప్పరిస్తున్న బిళ్ళ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మారింది.

“సరే. లోపం నీది. టీ తాగి రండి, మళ్ళీ ఎక్కుదాం.”

వరండాలో టీ మిషన్ దగ్గర ఎవరూ లేరు. ఆమె కప్పు పెట్టి బొత్తం నొక్కింది.  అతను ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“ఎందుకలా చెప్పావు?”

“టీ కావాలా?”

“అడిగినదానికి చెప్పు.”

“నువ్వు చూశావు కదా,” అంది ఆమె. “వేగం పడిపోవడం. చూశావు. నీ కళ్ళు ఎక్కడుంటాయో నాకు తెలియదా? మనం నేర్చుకున్నప్పుడు నాకంటే ముందు నువ్వే చూసేవాడివి.”

అతను టీ మిషన్ వైపు తిరిగాడు.

“పిలవలేదని తేలితే ఇక్కడ ఇంకెప్పుడూ నిన్ను పిలవరు. సాయం సీటు చెడగొట్టినవాణ్ణి ఉంచుకోరు వీళ్ళు. నీకు విమానమంటూ ఉన్నది ఆ ఒక్క సీటే. అది కూడా పోతే నువ్వేమైపోతావు?”

ఆ మాట ప్రేమతోనే అంది. కానీ అతని చెవికి జాలిలా వినపడింది. ఆమె భుజాల మీది చారలు, చేతిలో తొణకని కప్పు, ఇప్పుడు పైనుంచి జాలి. తిట్టినా ఓర్చుకునేవాడు.

“నీ జాలి నాకక్కర్లేదు.”

“జాలి కాదు. మేడ మీద చెయ్యెత్తి నేను మాట తప్పాను. అది నీకు ఎంత నొప్పో నాకు తెలుసు. ఇవాళ నువ్వు మాట మింగావు. చెల్లుకు చెల్లు.” ఆమె కప్పు చెత్తబుట్టలో పడేసింది. “పైకెక్కాక మాత్రం పిలువు. అమ్మ కుర్చీ తప్ప ఇంకేమీ మిగల్లేదు మాకు.”

ఆమె ముందు నడిచింది. అతను వెనక నడిచాడు.

గదిలో పెద్దాయన కలం మూత పెడుతున్నాడు.

అతను ఆ క్షణంలో ఏం ఆలోచించాడో తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా అతనికి దొరకలేదు. నిజం చెబితే ఆమె మీది మచ్చ పోతుంది, అవకాశం నిండుగా తిరిగొస్తుంది. తన సీటు పోతే పోనీ. అలాగే అనుకున్నాడు కాబోలు. లేక, ఆమె దానం చేసిన సీట్లో కూర్చోలేకపోయాడేమో.

“సార్. నేను పిలవలేదు.”

పెద్దాయన తలెత్తాడు.

“చూశాను. చూసి కూడా పిలవలేదు. తప్పు నాదే. ఆమెది కాదు.”

బరువు దిగినట్టయింది. భార్య వైపు చూశాడు, కళ్ళలో కాస్త మెప్పు కనపడుతుందేమోనని.

అమ్మడు మొహంలో నెత్తురుచుక్క లేదు.

“అలాగా,” అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు. “అయితే ఇందాక ఈవిడ నాతో చెప్పింది అబద్ధం.”

అప్పటికి గానీ కెప్టెన్‌కు తట్టలేదు. ఇన్నేళ్ళు ఆ వంతెన ఎక్కి దిగినవాడికి తట్టవలసింది తట్టలేదు.

“ఆమె నా కోసం...”

“ఎవరి కోసమైనా సరే. వేగం పడిపోతే తోసి నిలబెట్టుకోవచ్చు. అది నేర్పడానికే నేనున్నాను. రేపు నిజం విమానంలో ఏదైనా జరిగి, ఏం జరిగిందమ్మా అని అడిగితే, పక్కవాణ్ణి కాపాడటానికి ఇంకో కథ చెప్పే పైలట్‌ని నేను ఎలా పంపను?” కలం మూత మళ్ళీ తీశాడు. “నువ్వు బయటికెళ్ళు. ఈవిడతో మాట్లాడాలి.”

“సార్, నేను ఉంటాను...”

“బయటికెళ్ళు,” అంది అమ్మడు. అతని వైపు చూడలేదు. “ఇవాళ్టికి చాలు.”

తలుపు మూసుకుంది.

వరండాలో అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తాను చెప్పింది నిజమే. నిజం చెబితే దేవుడు మెచ్చుకుంటాడని అమ్మ చిన్నప్పటి నుంచి చెప్పింది. మరి ఆ నిజం నోట్లోంచి బయటికి తోసింది దేవుడేనా, లేక రాత్రి కాగితం చించిన చెయ్యేనా?

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. గిరజాలవాడు. చెవిలో దూది, మెడకు మఫ్లర్, మొహం వాచి ఉంది. తన పరీక్ష ఇంకో రోజుకు మార్పించుకోవడానికి వచ్చినట్టున్నాడు.

“అన్నా! నువ్వే కూర్చున్నావట కదా. ఎలా చేసింది అక్క?”

అక్క. వాడు అమ్మడును అక్క అంటాడని కెప్టెన్‌కు ఇన్నాళ్ళూ తెలియదు.

“లోపల ఉంది,” అన్నాడు ఎలాగో.

“పాసైపోతుందిలే. అక్కతో కూర్చోవడం అంటే హడలే అన్నా నాకు.” వాడు చెవి పట్టుకుని నవ్వాడు. “మొన్న ప్రాక్టీసులో నేను వేగం పిలవడం మర్చిపోయాను. పోనీలే, పిలిచానని చెప్పక్కా అని బతిమాలాను. వింటేనా? ‘పిలవలేదు సార్’ అని మొహం మీదే చెప్పేసింది. ఇందులో తమ్ముడి కోసమైనా, దేవుడి కోసమైనా అబద్ధం చెప్పనురా అంది.”

కెప్టెన్ మూసిన తలుపు వైపు చూశాడు.

“ఏంటన్నా అలా ఉన్నావు? ఏమైంది?”

తలుపు వెనక పెద్దాయన గొంతు ఆగిపోయింది. అమ్మడు గొంతు వినపడటం లేదు.